మగ్గం గుంతలో పాట

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. ధర్మవరంలో మా ఇంట్లో ఆ రెండూ ఒకే కప్పు కింద కాపురం చేశాయి. కాలు మా ఆయన తిరుపాల్‌ది, నోరు నాది. నాకు దాని గురించి సిగ్గేమీ లేదు. ఈ నోరే లేకపోతే మా మగ్గం ఏనాడో విప్పి అటకెక్కించేవాళ్లం.

తిరుపాల్ మంచి నేతగాడు. ఒళ్లు మండిపోతున్నప్పుడు కూడా ఆ మాట ఒప్పుకుంటాను. ఆయన నేసిన పట్టుచీర మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోతే ఎక్కడా తట్టుకోదు. కానీ ఆ మనిషిని కూర్చోబెట్టడమే గండం. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ, పైన చేత్తో దారం మోసే నాడె విసురుతూ, పడిన దారాన్ని పలకతో దగ్గరకు కొడుతూ నేయాలి. పక్కన టేపురికార్డర్ మోగుతున్నంతసేపూ ఆయన నేసేవాడు. క్యాసెట్ ఒక పక్క అయిపోతే తిప్పి పెట్టడానికి లేచేవాడు. లేచినవాడు బీడీ అనేవాడు, బీడీ అయ్యాక టీ అనేవాడు. టీకని పోయిన మనిషి రైల్వే స్టేషన్‌లో తేలేవాడు. అక్కడ బెంచీ మీద కూర్చుని బెంగళూరు పోయే బండ్లను చూస్తుండేవాడు. ఒక చోట కాదు, ఆ బెంచీ మీద కూడా కాలుగాలిన పిల్లిలాగే, ఇటు జరిగీ అటు జరిగీ.

నా భయమంతా ఆ బండ్లతోనే. రెండువేల ఎనిమిదిలో మా వీధిలో సగం మగ్గాలు మూలపడ్డాయి. మగవాళ్లు బెంగళూరు పోయి అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర యూనిఫారం వేసుకుని నిలబడ్డారు. ఎదురింటి కుళ్ళాయప్ప కూడా పోయాడు. వాళ్లావిడ తిప్పమ్మ సాయంత్రమైతే గడప మీద కూర్చుని సెల్‌ఫోన్‌లో మొగుడితో కాపురం చేసేది. ఆ మొగుడు నెలకొకసారి వచ్చి, మర్నాడే పోయేవాడు. వాడికి కాఫీ ఇచ్చి పంపడానికే ఆమెకు పొద్దు సరిపోయేది, చుట్టానికి ఇచ్చినట్టు. ఆ కుళ్ళాయప్పే మా ఆయనకు ఫోన్ చేసి, "రా అప్పా, ఈడ కూచునే పని," అని ఊరించేవాడు. కూర్చునే పనట. మగ్గమేమైనా నిలబడి నేస్తారా?

ఇలా ఉండగా మా షావుకారు శ్రీరాములు వచ్చి మగ్గం మీద ఉన్న పడుగు చూసి పెదవి విరిచాడు. మాకు పట్టు, జరీ ఇచ్చేది ఆయనే. పడుగంటే నిలువు దారాలు, ఒకసారి ఎక్కిస్తే మూడు చీరలు దిగుతాయి.

"ఏమ్మా యశోదా, ఉగాదికి ఎక్కించిన పడుగు ఇది. ఇంగా ఒక్క చీర కూడా దిగల్యా," అన్నాడు. "శ్రావణం వస్తాండాది. పెండ్లిండ్లు. శ్రావణం వచ్చే లోపల మూడూ దిగకపోతే పడుగు కోసుకొని పోతా. నన్ను అనద్దు మళ్ళ."

ఆయన చెడ్డవాడు కాదు, అన్న మాట చేసేవాడు. పడుగు కోసుకుపోతే మగ్గం బోసిపోతుంది. మగ్గం బోసిపోతే ఆ తిరిగే కాలు రైలెక్కుతుంది. నాకు కావలసింది ఒక్కటే, నా మొగుడు నా ఇంట్లో ఉండాలి. మంచోడో చెడ్డోడో, రోజూ తిట్టడానికి మనిషి ఎదురుగా ఉండాలి.

మా తమ్ముడు ప్రవీణ్ హిందూపురంలో కంప్యూటర్ల షాపులో పని చేస్తాడు. వాడికి పాటల పిచ్చి. పాటలంటే పాటలు కాదు, వాటి మోత ఎలా ఉందన్న పిచ్చి. వాడు ఫోన్ చేసినప్పుడు నా గోడు వెళ్లబోసుకుంటే తాపీగా విన్నాడు.

"క్యాసెట్టుతోనే వచ్చింది అక్కా తంటా," అన్నాడు. "ఇప్పుడు నెట్‌లో రేడియోలు ఉండాయి. రాత్రీ పగలూ పాట వస్తానే ఉంటాది, తిప్పే పని లేదు. మీకు ఇంట్లో ఫోన్ లైను ఉండాది కదా, దానికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టిస్తే సరిపోతాది. నేనొచ్చి అంతా బిగిస్తా, మంచి సౌండు వచ్చేట్టు."

మంచి సౌండు సంగతి నా చెవికెక్కలేదు. ఆగని పాట అన్న మాట ఎక్కింది. పాట ఆగకపోతే తిప్పే పని లేదు, తిప్పే పని లేకపోతే లేచే పని లేదు. "ముందు రా అప్పా," అన్నాను.

వాడు వైశాఖ అమావాస్య నాడు వచ్చాడు. వాడికి అది సెలవు దొరికిన రోజు. మా నేతవాళ్లకు అమావాస్య అంటే మగ్గం ముట్టని రోజు. ఊరు ఊరంతా మగ్గాలు పడుకుని ఉంటాయి కాబట్టి వీధిలో కాకి అరిస్తే కూడా వినిపిస్తుంది. వాడు పొద్దున హిందూపురంలో ప్యాసింజర్ ఎక్కి, పెనుకొండలో మా పుల్లన్న చిన్నాయన చేత రెండు చెక్క బాక్సులు ఎక్కించుకుని దిగాడు. మా పుట్టిల్లు పెనుకొండే. చిన్నాయన పెండ్లిండ్లకు మైకుసెట్టు నడిపి మానుకున్నాడు గాని చెయ్యి ఊరుకోక ఇలాంటి బాక్సులు చేస్తుంటాడు. మా వంశంలో ఎవరికీ ఏదీ ఊరుకోదు.

ఇల్లంతా వైర్లు పరిచాడు ప్రవీణ్. షాపు నుంచి తెచ్చిన పాత కంప్యూటర్‌లో ఫ్యాను గీమంటుందని దాన్ని వంటింటి గోడ వెనక పెట్టాడు. పాట దాని కడుపులోంచి వస్తే మురికిగా ఉంటుందని ఒక చిన్న డబ్బా బయట తగిలించి, అందులోంచి యాంప్లిఫయర్‌కు, అందులోంచి బాక్సులకు లావుపాటి వైర్లు లాగాడు. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని మగ్గం చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టాడు.

"మంచి సిస్టమ్ పెట్టుకున్నోళ్లు ఎవరైనా ఇదే ఏడుస్తారు బావా," అన్నాడు తిరుపాల్‌తో. "రెండు బాక్సుల పాటా కలిసేది ఒకే ఒక చోట. తల రవ్వంత జరిగినా పోతాది. మనుషులు ఒక చోట ఉంటారా? నువ్వుంటావు. నీ తల ఎప్పుడూ ఈడే, ఈ ఎత్తులోనే. పాట వినేదానికి మగ్గం గుంత కంటే మంచి చోటు యాడుండాది?"

"ఆయన తల ఒక చోట ఉంటుందని నీకెవరు చెప్పినార్రా," అన్నాను నేను.

వాడు పట్టించుకోలేదు. గుంత గట్టు మీది నుంచి పట్టుదారం లాగి రెండు బాక్సులకూ ఒకే దూరం కొలిచాడు. గుంతలో కూర్చున్న మనిషి చెవి నిలబడ్డవాడి నడుం ఎత్తుకు కూడా రాదు కదా. అందుకని ఒక బాక్సును ఇటుకల మీద, రెండోదాన్ని ఎన్నేళ్లుగానో తిప్పని మా ఇసుర్రాయి మీద పెట్టాడు. తిరుపాల్‌ను గుంతలో కూర్చోబెట్టి పాట పెట్టాడు.

నేను వంటింటికీ వాకిలికీ తిరుగుతూ విన్నాను. నాకది ఎప్పటి పాటలాగే ఉంది. తిరుపాల్ మాత్రం కదల్లేదు.

"ఇన్ని దినాలూ ఒకటే పోగు అనుకొంటి ప్రవీణూ," అన్నాడు చివరికి. "నాలుగు పోగులు పేనిండారు. ఒక్కొక్కటీ యాడ పోతాండాదో కనపడతాండాది."

"అక్కా, నువ్వూ ఒకసారి గుంతలో కూచో," అన్నాడు వాడు సంబరంగా.

"నాకు పొయ్యి మీద పప్పుండాది," అన్నాను. పైగా మా అత్తింట్లో ఆడవాళ్లు పక్కన కూర్చుని నాడెలో పెట్టే దారం కండెలు చుడతారు గాని గుంతలోకి దిగరు. మా అత్త పోయినా ఆ కట్టుబాటు పోలేదు, నేనూ పోగొట్టుకోలేదు. గుంతలో దిగితే ఆ పని కూడా నా నెత్తినే పడుతుందని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే తిరుపాల్ మగ్గమెక్కాడు. బీడీ లేదు, టీ లేదు. పన్నెండైనా లేవలేదు. నా కడుపు నిండిపోయింది. తిప్పమ్మను పిలిచి చూపిద్దామనుకుని, అప్పుడు గమనించాను. పాట వస్తోంది గాని పలక మోత రావడం లేదు. పోయి చూస్తే మా ఆయన చేతిలో నాడె పట్టుకుని, కళ్లు మూసుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు. చీర జానెడు కూడా దిగలేదు.

"ఏమయ్యా, పలక పడలేదే?" అన్నాను.

"పడితే వినపడదు," అన్నాడు కళ్లు తెరవకుండా.

నేను హిందూపురానికి ఫోన్ చేసి తమ్ముణ్ని ఉతికి ఆరేశాను. వాడు నాలుక కరుచుకున్నాడు. "నిన్న అమావాస్య కదక్కా. మగ్గం మోత సంగతే తోచలేదు. సౌండు పెంచి చూడు," అన్నాడు. పెంచాను. పలక పడినప్పుడల్లా పాట ముక్కలైంది. ముక్కలైనప్పుడల్లా ఆయన పలక ఆపి, పోయిన ముక్క కోసం చెవి రిక్కించాడు. అరిగిపోయిన క్యాసెట్‌తో ఈ బాధ లేదు. అందులో వినడానికి తాళం తప్ప ఏమీ మిగల్లేదు కాబట్టి మోతలో మోత కలిసిపోయి చెయ్యి ఆడేది. ఇప్పుడు పాట మరీ బాగుంది. అదీ వచ్చిన చిక్కు.

రెండు రోజులు చూసి, ఒక బాక్సు వైరు పీకేశాను. పాట గోనెసంచిలో కట్టినట్టయింది. తిరుపాల్ నావైపు చూశాడు. గంటసేపు ఎడాపెడా నేశాడు. ఆ తర్వాత లేచి చొక్కా తగిలించుకుని స్టేషన్‌కు పోయాడు, దీపాలు పెట్టే వేళకు గాని రాలేదు. మర్నాడు వైరు పెట్టాను. మనిషి కదల్లేదు, మగ్గమూ కదల్లేదు. వైరు పీకితే మొగుడు పోతాడు, వైరు పెడితే పడుగు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రోజంతా ఆ వైరు దగ్గరికి పోవడం, రావడం, మళ్లీ పోవడం. నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు. కలలో కూడా ఆ ఎర్ర వైరే.

కాపాడింది కరెంటు కోత. ఎండలకు పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు తీసేవాళ్లు. కరెంటు పోగానే పాట ఆగేది. తిరుపాల్ ఊపిరి వదిలి, కిటికీ వెలుతురులో పలక కొట్టేవాడు. గుంతలోంచి మాత్రం లేచేవాడు కాదు, పాట వస్తే తాను అక్కడ ఉండాలి కదా. అలా దిగింది మొదటి చీర. రెండోది కూడా అలాగే దిగింది. ఊరంతా ఉక్కతో విసనకర్రలు ఊపుకుంటూ కరెంటోళ్లను తిడుతుంటే నేను గోడకున్న మీటరుకు దండం పెట్టుకునేదాన్ని. తిప్పమ్మ చూసి నాకు మతి పోయిందనుకుంది.

దండం ఎక్కువైందేమో. ఆ ఏడాది వానలు ముందే పడ్డాయి. ఎక్కడో డ్యాములు నిండాయట, కోత ఎత్తేశారు. ఊరు పండగ చేసుకుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎడతెగని పాట, ఎడతెగని నా మొగుడు, సగంలో ఆగిపోయిన మూడో చీర.

అప్పుడప్పుడూ జాలిపడి నాలుగు వేళ్లు నేసేవాడు. ఆషాఢం అయిపోవచ్చింది. శ్రీరాములు కబురు చేశాడు, రేపు వస్తున్నానని. ఇంకా రెండు మూరలు మిగిలి ఉంది. పొద్దు పైకి వస్తున్నా మా ఆయన నాడె పట్టుకుని కళ్లు మూసుకునే ఉన్నాడు. నా నోరు కట్లు తెంచుకుంది.

"పాటకు తాళి కట్టింటే సరిపోయేది కదా. అన్నం కూడా దాన్నే అడుగు పో," అన్నాను. "నీకు చేతులెందుకు, చెవులు చాలు. గేటు కాడ నిలబడేదానికి కుళ్ళాయప్పకు వచ్చే తెలివి కూడా నీకు లేదు."

అనకూడని పేరు అనేశాను. తిరుపాల్ కళ్లు తెరిచాడు. నాడెను పడుగు మీద మెల్లగా పెట్టాడు. లేచి, రెండు చొక్కాలు సంచిలో కుక్కుకున్నాడు.

"సరే, పోతా," అన్నాడు. "మధ్యాన్నం బండి ఉండాది. నువ్వూ మీ శ్రీరాములూ పడుగు కోసుకోండి."

పిలవలేదు నేను. సందు మలుపు తిరిగే దాకా చూసి లోపలికి వచ్చి, కోపంతో చీర కుచ్చిళ్లు దోపుకుని, మా అత్త ఫోటో వైపు చూడకుండా గుంతలోకి దిగాను. పోతే పోనీ, చీర నేనే దించుతాననుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా పక్కన కూర్చుని చూస్తున్న పని. చెక్క తొక్కాను, నాడె విసిరాను, పలక లాగాను. ఆయన దెబ్బ కంటే నా దెబ్బ బరువుగా పడింది. చీర మీద సన్నటి గీత తేలింది. ఒక చీరలో రెండు చేతులు పడితే అది దాగదు. దాగకపోతే పోనీ అనుకుని, పాటను కూడా ఆపకుండా, వినకుండా, బెత్తెడు మేర కొట్టుకుంటూ పోయాను.

కండె అయిపోయింది. కొత్త కండె నాడెలో పెట్టడానికి చేతులు ఆపాను. మగ్గం ఊరకుంది.

అప్పుడు ఎవరో నా ఎదురుగా కూర్చుని పాడుతున్నారు. బాక్సుల్లోంచి కాదు. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర, మగ్గానికి అవతల, ఒక ఆడమనిషి. నా వయసే ఉంటుందనిపించింది. చరణం ఎత్తుకునే ముందు ఆమె చెయ్యి కదిపినట్టుంది, గాజు గాజుకు తగిలి చిన్నగా మోగింది. పాట రికార్డు చేసినవాళ్లెవరూ ఆ చప్పుడును తుడిచేయలేదు. ఆమె కూడా ఏ పని మధ్యలోనో లేచి వచ్చి, గాజులు వెనక్కి తోసుకుని పాడుతున్నట్టు ఉంది. వీధిలోంచి, వంటింట్లోంచి ఈ రెండు నెలలుగా ఈ పాట ఎన్నిసార్లు విన్నానో. ఆ గాజు నాకు ఒక్కసారి కూడా వినబడలేదు.

నా చేతిలో కండె అలాగే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పగలను. పెళ్లయిన తర్వాత నేను ఒక్క పాట కూడా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని వినలేదు. తిరిగే కాలు ఆయనది అంటూ వచ్చాను గాని, ఆ ఇంట్లో నా కాలు మాత్రం ఎక్కడ నిలిచింది? ఆ పాట అయింది, ఇంకొకటి మొదలైంది. నేను అలాగే ఉన్నాను.

బయట ఈదురుగాలి లేచింది. వాకిట్లో చప్పుడైతే చూశాను. తిరుపాల్, భుజాన సంచి, తలమీద దుమ్ము.

"బండి లేటంట," అన్నాడు. "రెండు గంటలు. ఆడ కూచోలేకపోయినా."

అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. బెంగళూరు పోయేవాడు బండి కోసం కూడా ఒక చోట కూర్చోలేకపోయాడు. ఆయన నవ్వలేదు. గుంతలో ఉన్న నన్ను, చేతిలోని కండెను, చీర మీద నా గీతను వరసగా చూశాడు.

"ఏం యశోదా," అన్నాడు, "పలక పడలేదే?"

"పడితే వినపడదు," అన్నాను.

ఆయన సంచి కింద పెట్టాడు. గట్టు దగ్గరికి వచ్చి "జరుగు" అన్నాడు. ఆ గుంత ఒకటిన్నర మనిషికి సరిపోతుంది. నేను గోడకు ఒదిగాను, ఆయన కాళ్లు దించాడు. ఇద్దరి తలలూ ప్రవీణ్ కొలిచిన చోటికి కొంచెం అటూ ఇటూ పడ్డాయి. ఆమె ఇప్పుడు అంత ఎదురుగా లేదు, కొంచెం పక్కకు జరిగి పాడుతోంది. అయినా బాగుంది. సంచి వైపు చూడకుండా ఉండటానికి నాకు చాలా కష్టమైంది.

"పోతావా?" అని అడిగాను. తిట్టినట్టు అడగాలనుకున్నాను, అలా రాలేదు.

ఆయన జవాబు చెప్పేలోపు గాలికి ఎక్కడో తీగ తెగింది. కరెంటు పోయింది, పాట ఆగింది. ఇల్లంతా అమావాస్య రోజులాగా అయిపోయింది. కిటికీలోంచి మబ్బు వెలుతురు పడుగు మీద పడుతోంది. ఇంకా మూరన్నర పైనే మిగిలి ఉంది, రేపు శ్రీరాములు కత్తెరతో వస్తాడు.

ఆ నిశ్శబ్దంలో దూరంగా రైలు కూత వేసింది. రెండు గంటలు లేటన్న బండి ముందే వచ్చేసింది. బండి స్టేషన్‌లో ఎంతసేపు ఆగుతుందో మా ఇద్దరికీ తెలుసు. పరుగెత్తితే అందుతుంది.

గుంతలో, నా కాలి పక్కన, ఆయన కాలు కదిలింది.

ఆ కాలు చెక్కను తొక్కింది. పడుగు రెండుగా విచ్చుకుంది. ఆయన నా వైపు చెయ్యి చాపాడు.

"కండె ఇట్లా తే," అన్నాడు.